ఇంజిన్ కంప్యూటర్‌తో పని – ఐదో పాఠం: ఆక్సిజన్ సెన్సర్ మార్చాక పాత లెక్క చెరపడం

కిందటి పాఠంలో 22 మిల్లీమీటర్ల పానాతో పాత ఆక్సిజన్ సెన్సర్ (సైలెన్సర్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి కంప్యూటర్‌కు చెప్పేది) విప్పి కొత్తది బిగించాం. చాలా షెడ్లలో అక్కడితో చెక్ లైట్ ఆర్పేసి తాళం ఇచ్చేస్తారు. రెండు రోజులకే బండి మళ్లీ వస్తుంది. పొద్దున్న స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ ఊగుతోందని, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసనని. కొత్త సెన్సరే చెడ్డదనుకుని దాన్నీ విప్పేస్తారు. కొన్ని బండ్లలో లైట్ ఆర్పినంత మాత్రాన కంప్యూటర్ నేర్చుకున్న లెక్క పోదు. పాత సెన్సర్ చెప్పిన అబద్ధం ఇంకా దాని మెమరీలోనే ఉంటుంది.

బండి కంప్యూటర్‌కు తగిలించి దాని లెక్కలు చదివే స్కానర్‌లో రెండు అంకెలు చూడాలి. షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంటే పెట్రోల్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఈ క్షణాన చేస్తున్న సర్దుబాటు. లాంగ్ టర్మ్ అంటే అలవాటుగా మారిన సర్దుబాటు. పాత సెన్సర్ ఎప్పుడూ 'గాలి ఎక్కువైంది' అని చెబుతూ ఉంటే కంప్యూటర్ పెట్రోల్ పెంచుకుంటూ పోయి లాంగ్ టర్మ్ +18 శాతం దగ్గర నిలుస్తుంది. కొత్త సెన్సర్ 'పెట్రోల్ ఎక్కువైంది' అని నిజం చెప్పగానే షార్ట్ టర్మ్ –15 దాకా దిగి లాగుతుంది. నడుపుతూ ఉంటే కొన్నాళ్లకు అదే సర్దుకుంటుంది. కానీ చల్లటి ఇంజిన్‌లో సెన్సర్ వేడెక్కేదాకా దాని మాట వినేవాళ్లుండరు. అప్పుడు పెట్రోల్ పోసేది ఆ +18 లెక్కతోనే. పొద్దుటి వాసన అక్కడిదే.

చెరిపే ముందు తప్పు కోడ్‌లు, ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణాన ఇంజిన్ లెక్కలు), రెండు ట్రిమ్‌లు కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. చెరిపాక అవి తిరిగి రావు. బ్యాటరీ 12.4 వోల్టులకు తగ్గకూడదు. సెన్సర్ వైరు కలిసే కప్లర్ కూడా ఒకసారి ఊడదీసి చూడండి. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలిలో తిరిగే బండ్లకు పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. పొడి బ్రష్‌తో తుడవండి. సైలెన్సర్ జాయింట్లకు సిలికాన్ పేస్టు మాత్రం పూయొద్దు, దాని ఆవిరి సెన్సర్ మొనను చంపేస్తుంది.

ఇప్పుడు ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. స్కానర్‌లో అడాప్టేషన్ రీసెట్ (నేర్చుకున్న లెక్క చెరిపేది) ఉంటే అది చేయండి. లేకపోతే కోడ్ క్లియర్ చేయండి, చాలా బండ్లలో ట్రిమ్ కూడా దాంతోనే సున్నా అవుతుంది. కాకపోతే చివరి దారి బ్యాటరీ నెగటివ్ తీయడం. దాంతో స్టీరియో కోడ్ అడగొచ్చు, పవర్ విండో ఆటో పోవచ్చు. ముందే ఓనర్‌కు చెప్పండి.

స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ ముట్టుకోకండి. ఏసీ, లైట్లు ఆఫ్. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా, సుమారు పది నిమిషాలు, ఐడ్లింగ్‌లో ఉంచండి. తర్వాత ఏసీ వేసి ఐదు నిమిషాలు. బేగి అయిపోవాలని ఇక్కడ రేస్ ఇచ్చేవాళ్లే ఎక్కువ. అలా ఇస్తే ఐడ్లింగ్ నేర్చుకోవడం మధ్యలో తెగిపోతుంది.

తర్వాత రోడ్డు. ట్యాంకు పావుకు పైన, ముప్పావుకు లోపు ఉండాలి. శ్రీకాకుళంలో అయితే డే అండ్ నైట్ జంక్షన్, ఏడు రోడ్ల కూడలి మధ్య ఆగుతూ కదులుతూ పది నిమిషాలు. తర్వాత సింహద్వారం దగ్గర హైవే ఎక్కి నరసన్నపేట వైపు 60–80 మధ్య ఒకే వేగం. మధ్యలో మడపాం టోల్ గేటు దగ్గర ఎలాగూ ఆగుతాం, ఆ ఆగడమూ పాఠంలో భాగమే. వెనక లారీ లేనప్పుడు గేరులోనే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి 30 దాకా దిగనివ్వండి. స్కానర్ పక్కసీటులో ఉన్న మనిషి చేతిలో ఉండాలి.

తిరిగొచ్చాక 2,500 ఆర్‌పీఎం దగ్గర ముందు సెన్సర్ (ఇంజిన్ వైపుది) 0.1, 0.9 వోల్టుల మధ్య పది సెకన్లలో ఎనిమిదిసార్లకు పైగా ఊగాలి. ఇది పాతరకం సెన్సర్ లెక్క. గాలి, పెట్రోల్ పాళ్లు ఎంతో కొలిచి చెప్పే కొత్తరకం వైడ్‌బ్యాండ్ సెన్సర్ అలా ఊగదు, దానికి ట్రిమ్‌లే చూడాలి. రెండు ట్రిమ్‌లూ కూడితే ±10 లోపు ఉంటే పని కుదిరినట్టే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్. మామూలు పెట్రోల్‌కు కిలోకు 14.7 కిలోల గాలి కావాలంటే దీనికి దాదాపు 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పోయాలి. అందుకని పాత బండిలో +4 నుంచి +8 దాకా నిలిచినా కంగారుపడొద్దు.

ఐడ్లింగ్‌లో +15 ఉండి, రేస్ ఇస్తే +3కి దిగుతోందా? ఇన్‌టేక్ వైపు గాలి లీకు. ఐడ్లింగ్‌లో బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు +15 అవుతోందా? ఫ్యూయల్ ఫిల్టర్, పంపు ప్రెషర్ చూడండి. సెన్సర్‌కు ముందున్న సైలెన్సర్ జాయింటు కారినా బయటి గాలి లోపలికి పీల్చుకుని 'గాలి ఎక్కువ' అనే చెబుతుంది. కాబట్టి పీ0171 కోడ్ ('గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ' అనేది) మళ్లీ పడితే సెన్సర్ మీద చెయ్యి వేసే ముందు ఈ మూడూ చూడండి.

ఆరో పాఠం క్రాంక్ సెన్సర్. అప్పటికి ఈ బండి ట్రిమ్‌లు మూడు రోజులపాటు, పొద్దున్న చల్లగా ఒకసారి, వేడెక్కాక ఒకసారి రాసి ఉంచండి. ఆ అంకెలతోనే అది మొదలుపెడతాం.