10 మీటర్ల దూరం నుంచి కాల్చే ఎయిర్ రైఫిల్ చేతికి తీసుకునే ముందు

ఎయిర్ రైఫిలే కదా అనుకోవద్దు. 4.5 మి.మీ. సీసపు పెల్లెట్‌కి కన్ను పోగొట్టే శక్తి ఉంది.

• తుపాకీ ఎవరిచ్చినా, "ఖాళీదే" అన్నా, లోడ్ అయి ఉన్నట్టే పట్టుకోండి. బోల్ట్ (పెల్లెట్ పెట్టే చోటును మూసే భాగం) తెరిచి మీ కళ్లతో చూసుకోండి.

• పెట్టెలోంచి తీసేటప్పుడే బ్యారెల్ మూతి టార్గెట్ వైపు ఉండాలి. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. పక్క లేన్‌వాళ్లు పిలిచారని చేతిలో రైఫిల్‌తో అటు తిరుగుతారు. ముందు కింద పెట్టండి, తర్వాత మాట్లాడండి.

• గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. పోటీ రైఫిళ్ల ట్రిగ్గర్ చాలా సున్నితం, తగిలితే చాలు.

• కాల్చనప్పుడు బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (తుపాకీ ఖాళీ అని బయటికి కనిపించే రంగు తీగ) ఉండాలి.

• "స్టాప్" వినగానే ఆపేయండి. ఇంకొక్క షాట్ అనొద్దు. ఫైరింగ్ లైన్ దాటి ఎవరైనా ముందుకెళ్తే తుపాకీ ముట్టుకోవద్దు, ఉత్తుత్తి గురి కూడా వద్దు.

• రైఫిల్‌కి గాలి అందించే ఎయిర్ సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) పోటీల్లో పదేళ్లు దాటినవి అనుమతించరు.

• కళ్లద్దాలు పెట్టుకోండి, కాలివేళ్లు మూసే బూట్లు వేసుకోండి.

• సీసం విషం, పెల్లెట్లు నోట్లో పెట్టుకోవద్దు (పెట్టుకునేవాళ్లున్నారు). సమోసా ముట్టేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.