బెంగళూరులో మీ బొమ్మలు మీరే అమ్ముకోవడం ఎలా?

బెంగళూరులో రోడ్డు మీద జరిగే చిత్రాల సంత, చిత్రసంతెలో నేను మొదటిసారి స్టాల్ పెట్టిన రోజు పొద్దున్నే ఒకావిడ వచ్చింది. నా మాట వినగానే తెలుగువాణ్ణని పట్టేసి, "తమ్ముడూ, ఇది ఎంతకిస్తావ్?" అని అడిగింది. ధర గురించి ఇంట్లో ఆలోచించుకుని వస్తే కదా చెప్పడానికి! "మీరే చెప్పండక్కా" అన్నాను. ఎనిమిది వందలు చేతిలో పెట్టి, బొమ్మ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. రాత్రి లెక్క చూసుకుంటే ఆ బొమ్మకి ఫ్రేమే ఆరు వందల యాభై. ఆవిడ తప్పేం లేదు. అమ్మేవాడు ధర చెప్పకపోతే కొనేవాళ్లే చెప్తారు.

1. ధర ఇంట్లోనే తేల్చుకోండి

చాలామంది చదరపు అంగుళానికి ఇంత అని లెక్క వేస్తారు. 16×20 అంగుళాల కాన్వాస్ అంటే 320 చదరపు అంగుళాలు. రేటు 20 రూపాయలైతే 6,400. బాగానే ఉంది. కానీ ఇదే రేటుకి 8×10 చిన్న బొమ్మ 1,600కి పడిపోతుంది, 36×48 పెద్ద బొమ్మ 34,560కి ఎక్కి కూర్చుంటుంది. చిన్నదానికి మీ కష్టం గిట్టదు, పెద్దదాన్ని కొనేవాళ్లు దొరకరు.

నేను పొడవు, వెడల్పు కలిపి లెక్క వేస్తాను. అంగుళానికి 200 అనుకుంటే 8×10కి 18 అంగుళాలు, 3,600. 16×20కి 7,200. 36×48కి 16,800. ఫ్రేమ్ ఖర్చు వేరు. 200 అనేది ఉదాహరణకి చెప్పిన అంకె మాత్రమే. మీ రంగులు, కాన్వాస్ ఖర్చు, పట్టిన రోజులు చూసుకుని మీ అంకె మీరే పెట్టుకోవాలి. ఒకసారి పెట్టాక మాత్రం మొహమాటపడి మార్చకండి.

ఇంకో మాట. గ్యాలరీలో ఒక ధర, ఇంటి దగ్గర ఇంకో ధర చెప్పకూడదు. గ్యాలరీవాళ్లు 30 నుంచి 50 శాతం దాకా కమిషన్ తీసుకోవడం మామూలే. 40 శాతం పోయి మీ చేతికి 6,000 రావాలంటే బోర్డు మీద 10,000 ఉండాలి. ఇంటికొచ్చి అడిగినవాళ్లకీ అదే పదివేలు. ఇంటి దగ్గర ఆరువేలకే ఇస్తారని తెలిస్తే గ్యాలరీవాళ్లు మళ్లీ గడప తొక్కనివ్వరు.

2. ఫోటోలు, వివరాలు

దీనికి పెద్ద కెమెరా అక్కర్లేదు. పొద్దున పూట, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బొమ్మని నిలబెట్టి, ఫోన్ వంకర లేకుండా దానికి ఎదురుగా పట్టుకుని తీయండి. ఫ్లాష్ వద్దు. ఫ్రేమ్‌కి అద్దం ఉంటే తీసేయండి. ఎడిటింగ్‌లో రంగులు పెంచారంటే, బొమ్మ ఇంటికి చేరాక "ఫోటోలో ఇలా లేదే" అన్న ఫోన్ తప్పదు. సోఫా పైన గోడకి తగిలించి ఇంకో ఫోటో తీయండి. అంగుళాలు ఎన్ని చెప్పినా సైజు అర్థం కానివాళ్లకి ఆ ఒక్క ఫోటోతో అర్థమైపోతుంది. కింద పేరు, సైజు, ఏ రంగులతో వేశారు, ఏ సంవత్సరం, ధర రాయండి. ధర దాచి "మెసేజ్ చేయండి" అంటే సగంమంది అడక్కుండానే వెళ్లిపోతారు.

3. ఎక్కడ పెట్టాలి?

కర్ణాటక చిత్రకళా పరిషత్ 2003 నుంచి నడుపుతున్న చిత్రసంతె మామూలుగా జనవరిలో ఒక ఆదివారం కుమారకృపా రోడ్డు మీద జరుగుతుంది. స్టాల్ కోసం ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. జనం తండోపతండాలుగా వస్తారు, కొనేవాళ్లు అందులో కొందరే. వాళ్లలోనూ ఎక్కువమంది సంచిలో పట్టేవి చూస్తారు. అందుకే పెద్దవి రెండో మూడో వెనక తగిలించి, ముందు బల్ల మీద రెండు మూడువేల లోపువి పెట్టండి. పెద్దవి చూసి ఆగుతారు, చిన్నవి కొంటారు. ప్రతిదానికీ ధర చీటీ, యూపీఐ కోడ్, చిల్లర, ఎండకి గొడుగు మర్చిపోవద్దు. "ఎష్టు?" (ఎంత?) అని అడిగేవాళ్లకి జవాబు చెప్పేంత కన్నడ కూడా నేర్చుకుని వెళ్లండి.

బేరం ఆడతారు. ఆడనివ్వండి. ఒక బొమ్మ మీద తగ్గించే బదులు "రెండు తీసుకోండి, ఫ్రేమ్ నేనేసిస్తాను" అనండి. ధర ధరలాగే ఉంటుంది, వాళ్లకీ ఏదో దక్కినట్టుంటుంది.

అపార్ట్‌మెంట్లలో ఉగాదికి పెట్టే స్టాళ్లని చిన్నచూపు చూడకండి. కొత్తగా ఇల్లు కొని, గోడలు ఖాళీగా ఉన్నవాళ్లు అక్కడే దొరుకుతారు. గ్యాలరీకి వెళ్లేటప్పుడు మాత్రం దేవుడి బొమ్మ ఒకటి, ప్రకృతి దృశ్యం ఒకటి అని కలగాపులగంగా కాకుండా, ఒకే వరసలో పది పన్నెండు బొమ్మలు చూపించండి.

4. కాగితం మీద పెట్టండి

ఈ పాఠం నాకు ఆలస్యంగా వచ్చింది. ఒక కంపెనీవాళ్లు రిసెప్షన్ గోడకి బొమ్మ కావాలంటే వేసిచ్చాను, డబ్బులు సరిగ్గానే ఇచ్చారు. మరుసటేడు అదే బొమ్మ వాళ్ల డైరీ అట్ట మీద కనిపించింది. కోపంతో ఒక లాయర్ దగ్గరికి వెళ్తే, ఆయన 1957 నాటి కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ చూపించారు. ఒకరు డబ్బిచ్చి అడిగి వేయించుకున్న బొమ్మకి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ వాళ్లదే. అలాంటి ఒప్పందం నేను రాయించుకోలేదు, అంతే. మీ అంతట మీరు వేసుకుని తర్వాత అమ్మిన బొమ్మ సంగతి వేరు. అక్కడ కొన్నవాళ్లది బొమ్మే, ప్రింట్లు వేసుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది.

కాబట్టి ఆర్డర్ ఒప్పుకునే ముందు ఒక పేజీ రాసుకోండి: సైజు, ధర, ఎప్పటికి ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, కాపీరైట్ ఎవరిది. ఇద్దరూ సంతకం పెట్టి, సగం అడ్వాన్స్ చేతికొచ్చాకే బ్రష్ పట్టండి. బంధువులైనా సరే. నిజానికి బంధువులైతే మరీ తప్పదు.

మామూలు అమ్మకానికీ బిల్లు, బొమ్మ మీరే వేశారని సంతకంతో ఒక పత్రం ఇవ్వండి. ఎవరికి ఎంతకి అమ్మారో పుస్తకంలో ఎక్కించండి. పదివేలు దాటి మళ్లీ అమ్ముడుపోయే ఒరిజినల్స్‌లో చిత్రకారుడికి వాటా అడిగే హక్కు అదే చట్టంలో 53ఎ సెక్షన్ ఇస్తుంది. బొమ్మ ఎక్కడుందో తెలియకపోతే వాటా ఎవర్ని అడుగుతారు? జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే బిల్లులో పన్ను పేరుతో రూపాయి కూడా వేయకండి. వేరే రాష్ట్రాలకి పంపడం మొదలుపెట్టే ముందు ఒకసారి ఆడిటర్‌ని కలవండి.

5. ప్యాకింగ్, ఆ తర్వాత

అద్దం ఉన్న ఫ్రేమ్‌ని కొరియర్‌లో పంపొద్దు. కాన్వాస్ పూర్తిగా ఆరాక, రంగు వైపు బయటికి వచ్చేలా, బటర్ పేపర్ వేసి, లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టండి. బబుల్ షీట్ రంగుకి నేరుగా తగిలితే వేడికి దాని గుండ్రాలు అచ్చుపడతాయి.

సంత అయిన మర్నాడే, కొన్నవాళ్లకి వాట్సాప్‌లో బొమ్మ ఎలా తుడవాలో, ఎండ పడకుండా ఎక్కడ తగిలించాలో రెండు ముక్కలు పంపండి. గోడ మీద పెట్టాక ఒక ఫోటో అడగండి. కొత్త బొమ్మలు వచ్చినప్పుడు ఏడాదికి రెండు మూడుసార్లు చెప్తే చాలు. రోజూ గుడ్ మార్నింగ్ పంపారంటే బ్లాక్ చేసేస్తారు.