పెద్దమనుషుల ముందు సంతకం పెట్టేముందు

మా చెల్లి విడాకుల కోసం రెండేళ్లు ఒంగోలు కోర్టు చుట్టూ దానితోపాటు నేనూ తిరిగాను. మేం పడ్డ తిప్పల్లో సగం మొదటి నెలలో చేసిన తప్పుల వల్లే వచ్చాయి. అందుకే ఈ దారిలోకి దిగబోయే ఆడపిల్లలకు ముందే చెప్తున్నా.

కందుకూరైనా కనిగిరైనా ఉదయగిరైనా, మన వైపు గొడవ మొదట పోయేది పెద్దమనుషుల దగ్గరికే. కూర్చుని మాట్లాడుకోవడం తప్పు కాదు, కానీ స్టాంపు పేపరు మీద 'ఇక మాకు సంబంధం లేదు' అని రాసుకున్నంత మాత్రాన విడాకులు అయిపోవు. కులాచారంలో అలా ఉందని రుజువు చేయగలిగితే తప్ప, హిందూ వివాహ చట్టం కింద విడాకులు ఇవ్వగలిగేది కోర్టే. మా చెల్లి చేత అలాంటి కాగితంలోనే భరణం అడగనని కూడా రాయించి, రాత్రి పదకొండింటప్పుడు, అందరూ అలిసిపోయి 'పెట్టెయ్యమ్మా, ఇక పోనీ' అంటుంటే సంతకం పెట్టించారు. దాని గురించి వాదించడానికే ఎన్ని వాయిదాలు పోయాయో. లాయరుకు చూపించకుండా దేని మీదా సంతకం వద్దు, 'రేపు చెప్తాను' అని లేచి వచ్చెయ్యండి.

ఇల్లు వదలాల్సి వస్తే బట్టలకన్నా ముందు కాగితాలు సర్దుకోండి: శుభలేఖ, పెళ్లి ఫోటోలు, ఆధార్లు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు, బంగారం బిల్లులు. పుట్టింటివాళ్లు మీకు పెట్టిన నగలు స్త్రీధనం, అవి మీవే. ఆయన జీతం, పొలం, ఫ్లాటు వివరాలు తెలిసినంతవరకు రాసి పెట్టుకోండి. భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పాలని 2020లో సుప్రీంకోర్టు అన్నది, అక్కడ ఎవరైనా దాస్తే మీ దగ్గరున్న వివరాలే పనికొస్తాయి. ఫోన్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. వాట్సాప్ మెసేజీలు కోపంలో డిలీట్ చెయ్యకండి, స్టేటస్‌లు అసలే పెట్టకండి.

మాకు ఆలస్యంగా తెలిసి బాధపడిన సంగతి ఇంకోటి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఎంత ఆదాయమున్నా లాయరును ఉచితంగా ఇస్తారు. నెల్లూరులో, ఒంగోల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. మేం అప్పటికే అప్పు చేసి ఫీజు కట్టేశాం. భర్త బెంగళూరులో ఉన్నా, మీరు ఉంటున్న చోటి కోర్టులోనే విడాకుల కేసు వేయవచ్చు.

ఇద్దరూ ఒప్పుకుంటే ఏడాది విడిగా ఉన్నాక పిటిషన్ వేసి, తర్వాత మామూలుగా ఆర్నెల్లు ఆగాలి. ఆ ఆర్నెల్లను కోర్టు తగిన కేసుల్లో మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలు ఎవరి దగ్గర, డబ్బు ఎంత, ఏ తేదీలోగా అన్నది నోటిమాటగా వదలకుండా పిటిషన్లోనే రాయించండి.

చెయ్యి చేసుకుంటుంటే మాత్రం ఇవన్నీ తర్వాత, వెంటనే 112 (పోలీసులు) కానీ 181 (మహిళల హెల్ప్‌లైన్) కానీ చెయ్యండి. నిద్ర పట్టక, అన్నం సయించక మా చెల్లి బాగా చిక్కిపోయింది, మేం అది మామూలు టెన్షనే అనుకున్నాం. ఇలాంటప్పుడు 14416కి, అంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వు) వచ్చాక సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. చుట్టాలు ఎంత తొందరపెట్టినా, అప్పీలు గడువు తీరిందని లాయరు చెప్పేదాకా ఇంకో పెళ్లికి ముహూర్తం పెట్టించుకోకండి.