కాలువ గట్టు రోడ్ల మీద ఒక ట్యాంకు పెట్రోలుతో ఎక్కువ దూరం వెళ్లడం ఎలా?

ధవళేశ్వరం బ్యారేజీ దాటాక సముద్రం వరకూ ఎక్కడా ఘాట్ రోడ్డు లేదు. గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ బల్లపరుపు నేలే. ఇంత చదునైన చోట 100 సీసీ బండి లీటరుకు 45 కిలోమీటర్లే ఇస్తోందని మెకానిక్ షెడ్డుకు వెళ్లడం, కార్బురేటర్ స్క్రూ తిప్పించుకుని రావడం, నెల తిరక్కుండా మళ్లీ అదే ఫిర్యాదుతో వెళ్లడం రోజూ కనిపిస్తూనే ఉంది. స్క్రూ తిప్పి పెట్రోలు తగ్గిస్తే ఇంజిన్ వేడెక్కుతుంది, లాగుడు తగ్గుతుంది, ఆ లాగుడు కోసం మీరు ఇంకా రేజు ఇస్తారు. పెట్రోలు ఎక్కువగా పోయేది మన కుడిచేతి గుండానే. అందుకే కింద చెప్పినవి వరుసగా చేయండి, వరుస మార్చవద్దు. ఇదంతా 100 నుంచి 125 సీసీ గేర్ల బండ్ల గురించి. స్కూటరుకు గేర్లు, చైను మాటలు తప్ప మిగతాది వర్తిస్తుంది.

కావలసినవి: గాలి కొలిచే సొంత గేజి, 90 గ్రేడు గేరు ఆయిలు, కాస్త కిరోసిన్ లేదా డీజిల్, పాత టూత్‌బ్రష్షు, గుడ్డ, ప్లగ్గు స్పానరు, ఒక చిన్న నోటు పుస్తకం. ఫోనులో రాసుకుంటామంటారు చాలామంది, రాయరు. పుస్తకమే కొనండి.

ముందు బండి సంగతి

టైర్లలో గాలి వారానికి ఒకసారి, పొద్దున బండి తీయకముందే చూడాలి. ఎంత ఉండాలన్నది బండి మీద స్టిక్కరులోనే ఉంటుంది. ఒక్కరే వెళ్తే ఒక అంకె, వెనుక మనిషి కూర్చుంటే ఇంకో అంకె. పంక్చర్ షాపుల గేజీలు ఒకదానితో ఒకటి కలవవు కాబట్టే సొంత గేజి అన్నాను. మైలేజీ వస్తుందని ఆ అంకె దాటి కొట్టించవద్దు. వానలో తారు రోడ్డు మీద, కోతల తరువాత రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద గట్టి టైరు పట్టు తప్పుతుంది.

సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, రెండు చక్రాలనూ చేత్తో తిప్పండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. సర్రుమని ఒరుసుకుంటున్న శబ్దం వస్తే బ్రేకు బిగుసుకుని ఉంది. వరద నీళ్లలోనో మడుగులోనో నడిచిన బండ్లకు బ్రేకు డ్రమ్ములో ఒండ్రు చేరుతుంది. డ్రమ్ము విప్పించి శుభ్రం చేయించాలి. బ్రేకు పట్టుకున్న బండికి మిగతా వైద్యం ఏది చేసినా ఉపయోగం లేదు.

చైను కింది వరుస మధ్యలో వేలితో పైకి కిందికి కదిపితే సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, అన్నింటికంటే బిగువుగా ఉన్న చోట ఆ ఆట ఉండాలి. బ్రష్షుతో కిరోసిన్ రాసి తుడిచి, గేరు ఆయిలు లోపలి వైపు పట్టించి, ఎక్కువైనది గుడ్డతో తుడిచేయండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవారు ఈ పని మిగతావారికంటే రెట్టింపు సార్లు చేయాలి. ఉప్పుగాలికి చైను త్వరగా తుప్పు పడుతుంది. ఇంజిన్ నుంచి తీసిన నల్ల ఆయిలు మాత్రం పోయవద్దు. అందులోని ఇనుప రజను లింకులను అరగదీస్తుంది.

ఎయిర్ ఫిల్టరు ఏ రకమో కంపెనీ పుస్తకంలో చూసుకోండి. జిగురు పూత ఉన్న కాగితపు ఫిల్టరును గాలితో ఊదకూడదు, గడువు రాగానే మార్చాలి. కోతల రోజుల్లో గడ్డి దుమ్ములో తిరిగే బండికి గడువుకు ముందే మార్చండి.

కొలవడం

వంద రూపాయలకు పోయించి, రిజర్వు పడేదాకా నడిపి, "మా బండి ఇంత ఇస్తోంది" అని చెప్పే లెక్కకు విలువ లేదు. రిజర్వు ఎక్కడ పడుతుందన్నది బండి వాలు మీద కూడా ఆధారపడుతుంది. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ వరకు కొలవాలి. ఒకే బంకు, వీలైతే ఒకే పైపు, బండి సెంటర్ స్టాండ్ మీద. ట్యాంకు మెడలో ఒక గుర్తు పెట్టుకుని ప్రతిసారీ అక్కడి వరకే పోయించండి. అంచు దాకా పోయించవద్దు, ఎండకు పెట్రోలు వ్యాకోచించడానికి చోటు ఉండాలి. మీటరు రీడింగు, పోసిన లీటర్లు అక్కడే నిలబడి రాసుకోండి.

కనీసం 5, 6 లీటర్లు అయ్యాకే మళ్లీ నింపాలి. నింపడంలో 200 మిల్లీలీటర్లు అటూ ఇటూ అయిందనుకోండి. 2 లీటర్ల మీద అది 10 శాతం తప్పు, 6 లీటర్ల మీద 3 శాతమే. మూడు ట్యాంకుల సగటు తీస్తే అది మీ అసలు మైలేజీ. బంకు మీద అనుమానం ఉంటే అక్కడే 5 లీటర్ల ముద్ర వేసిన కొలపాత్రతో కొలిచి చూపించమని అడగవచ్చు. అది వినియోగదారు హక్కు, మొహమాటపడనక్కరలేదు.

తెల్లవారుజామున పోయిస్తే పెట్రోలు చిక్కగా ఉంటుందన్న నమ్మకం ఊరూరా ఉంది. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, పగలూ రాత్రీ దాని వేడి పెద్దగా మారదు. ఒక డిగ్రీ తేడాకు పెట్రోలు పరిమాణం సుమారు 0.1 శాతమే మారుతుంది. దీనికోసం నిద్ర చెడగొట్టుకోవలసిన పని లేదు.

వంతెన దగ్గర కుడిచెయ్యి

అన్నిటికంటే కష్టమైనది, అందరూ తప్పు చేసేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

చదును రోడ్డు మీద 45, 50 వేగంతో నిలకడగా పోయే బండి చాలా కొద్దిగా తాగుతుంది. ఆ వేగాన్ని బ్రేకుతో చంపి మళ్లీ తెచ్చుకునేటప్పుడే పెట్రోలు పోతుంది. మన దగ్గర రోడ్డు కాలువ గట్టు వెంట పోతూ పోతూ ఒక వంతెన ఎక్కుతుంది, దిగగానే మలుపు, మళ్లీ కొంత దూరంలో ఇంకో వంతెన. చాలామంది వంతెన మొదలయ్యే చోటు దాకా రేజు ఇస్తూ వచ్చి, అక్కడ బ్రేకు తొక్కి, ఎత్తులో గుంజి ఎక్కించి, దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తారు. పని మొత్తం తలకిందులు.

వంతెన కనిపించి ఇంకా 100, 150 మీటర్లు ఉండగానే యాక్సిలరేటర్ వదిలేయండి. సగం వదిలితే ప్రయోజనం లేదు, పూర్తిగా మూసేయాలి. క్లచ్ ముట్టుకోవద్దు, గేరు అలాగే ఉండనివ్వండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో ఎక్కువ భాగం ఇంజెక్షన్‌వే, అంటే కార్బురేటర్ బదులు కంప్యూటరే కొలిచి పెట్రోలు చిమ్మిస్తుంది. గేరులో ఉండి, యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, ఇంజిన్ ఇంకా వేగంగా తిరుగుతున్నప్పుడు వాటి కంప్యూటర్ పెట్రోలు చిమ్మడం ఆపేస్తుంది. ఇంజిన్‌ను చక్రమే తిప్పుతుంది. ఆ 100 మీటర్లూ మీకు ఉచితం. క్లచ్ పట్టినా, న్యూట్రల్ చేసినా ఇంజిన్ ఆగిపోకుండా కంప్యూటర్ మళ్లీ పెట్రోలు పంపక తప్పదు. న్యూట్రల్‌లో జారితే పెట్రోలు మిగులుతుందని అనుకునేవారు చేస్తున్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. కార్బురేటర్ బండ్లలో సన్నగా పెట్రోలు వెళుతూనే ఉంటుంది, అయినా గేరు తీయకూడదు. ఎందుకో కింద చెబుతాను.

వేగం 30కి దగ్గరవుతుండగా ఒక గేరు తగ్గించండి. ఎత్తు మొదలవడానికి కాస్త ముందే సన్నగా రేజు ఇవ్వడం మొదలుపెట్టి, పైకి వెళ్లేదాకా చెయ్యి కదపకండి. వేగం కొంచెం పడిపోతుంది, పడనివ్వండి. వంతెన మీద వేగం పెంచాలనుకోవడమే అసలు దుబారా. శిఖరం దగ్గరికి రాగానే యాక్సిలరేటర్ మళ్లీ మూసి, హారన్ కొట్టి, గేరులోనే దిగండి. దిగిన తరువాత రోడ్డు తిన్నగా కనిపించాకే మళ్లీ రేజు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఒకటి కూడా వదలవద్దు.

యాక్సిలరేటర్ మూసినప్పుడు బండి నెమ్మదిస్తుంది కానీ వెనుక ఎర్ర దీపం వెలగదు. మీ వెనుక కొబ్బరికాయల లారీయో, రొయ్యల మేత వ్యానో ఉంటే దాని డ్రైవరుకు మీరు ఆగుతున్నట్లు తెలియదు. కాబట్టి ముందు అద్దంలో చూడండి. వెనుక ఎవరైనా దగ్గరగా ఉంటే దీపం వెలిగేంత తేలిగ్గా బ్రేకు పెడల్ మీద కాలు ఆనించండి. ఎడమకు తప్పుకుని దారి ఇవ్వండి. ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చే మైలేజీ అక్కరలేదు.

దిగేటప్పుడు న్యూట్రల్ అసలు వద్దు. చిన్న కాలువల వంతెనలకు చాలాచోట్ల పిట్టగోడలు విరిగిపోయి ఉంటాయి, దిగేచోట ఇసుక పరుచుకుని ఉంటుంది. గేరులో ఉన్న ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు పోయి భారమంతా బ్రేకు మీద పడుతుంది. ఇసుక మీద గట్టిగా బ్రేకు వేస్తే పక్కన ఉన్నది కాలువ. ఇక తాళం తిప్పి ఇంజిన్ ఆపి జారేవారు కూడా ఉన్నారు. దీపాలు ఆరిపోతాయి, హారన్ మోగదు, అవసరమైన క్షణంలో ఇంజిన్ అందుకోదు. దయచేసి అది చేయకండి, పిల్లలకు నేర్పకండి.

శిఖరం మీద అవతలి వైపు ఏముందో కనిపించదు. అవతల బాతుల మంద రోడ్డు దాటుతూ ఉండవచ్చు, సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉండవచ్చు. వాటికి సరిపడా నెమ్మదిగానే అక్కడికి చేరాలి. పైన చెప్పిన పద్ధతిలో వస్తే ఎలాగూ నెమ్మదిగానే ఉంటారు.

చెయ్యి ఎలా పట్టుకోవాలో కూడా చెప్పాలి. యాక్సిలరేటర్ పిడిని అరచేయంతా నొక్కి బిగించి పట్టుకుంటే, గుంట వచ్చినప్పుడల్లా మణికట్టు కుదుపుకు రేజు ఒక్కసారి పెరిగి తగ్గుతుంది. గట్టు రోడ్డు మీద గుంటలకు కొదవ లేదు, ప్రతి గుంటకూ నాలుగు చుక్కలు పోతాయి. బొటనవేలు, మధ్యవేలు, ఉంగరపు వేలితో పిడిని పట్టుకుని, చూపుడు వేలిని బ్రేకు లీవరు మీద ఆనించండి. మోచెయ్యి వదులుగా ఉండాలి. ఇది అలవాటయ్యే వరకు వంతెనల పద్ధతి కూడా సరిగా రాదు. ముందు ఖాళీ రోడ్డు మీద మీటరు ముల్లు కదలకుండా రెండు కిలోమీటర్లు నడపడం సాధించండి.

వేగం, గేర్లు, గాలి

వేగం పెరిగితే గాలి అడ్డుకునే బలం దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 40 నుంచి 80కి వెళ్తే నాలుగు రెట్లు. 216 జాతీయ రహదారి బాగుంది కదా అని 80లో పోతే ట్యాంకు ఎందుకు త్వరగా ఖాళీ అవుతోందో అడగనక్కరలేదు. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి బలంగా వీస్తుంది. తీరం వైపు వెళ్లే పని పొద్దునే పెట్టుకోండి, వచ్చేటప్పుడు గాలి వెనుక ఉంటుంది.

ఒకటో గేరులో బయలుదేరి ఎక్కువ సేపు కింది గేర్లలో ఉండకుండా నాలుగుకు వెళ్లండి. అలాగని 20 వేగంలో నాలుగో గేరు పెట్టి ఇంజిన్‌ను దడదడలాడించడం కూడా దుబారాయే. 45 కిలోల యూరియా బస్తా చదును రోడ్డు మీద నిలకడగా పోయేటప్పుడు పెద్ద భారం కాదు. ఆగి బయలుదేరిన ప్రతిసారీ మాత్రం దాని ఖరీదు తెలుస్తుంది. రెండు వైపులా వెడల్పుగా కట్టిన సరుకు గాలికి అడ్డుపడి అంతకంటే ఎక్కువ తింటుంది, కాబట్టి మీ వెనుక ఇమిడేలా కట్టండి. భీమవరం, నరసాపురం లైనులో గేటు పడినప్పుడు, పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) కోసం రేవులో ఆగినప్పుడు ఇంజిన్ ఆపేయండి.

ఇంతా చేసినా రాకపోతే

ఇప్పుడు మాత్రమే ప్లగ్గు విప్పి మొన చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ బాగుంది. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువగా వెళ్తోంది, చోకు పూర్తిగా వెనక్కి వెళ్తోందో లేదో, ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, ఇంజిన్ దెబ్బతింటుంది. స్క్రూ తిప్పించుకున్న బండ్లలో ఎక్కువగా కనిపించేది ఈ తెలుపే. పెట్రోలు పైపుకు తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో పోసే సీసాలు కొనవద్దు.

ఇథనాల్ సంగతి కూడా లెక్కలో ఉంచుకోండి. బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఇథనాల్ కలపని పెట్రోలు రోజుల్లో 60 ఇచ్చిన పాత బండి ఇప్పుడు 56, 57 ఇస్తే దానిలో లోపం వెతకవద్దు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కనుక ట్యాంకు మూత రబ్బరు చీలి ఉంటే వానాకాలం రాకముందే మార్చండి.

యానాంలో పన్ను తక్కువ కాబట్టి పెట్రోలు చవక. అందుకోసమే అమలాపురం నుంచి వెళ్లేవారు ఉన్నారు. రానుపోను సుమారు 60 కిలోమీటర్లు, అంటే ఒక లీటరు. లీటరుకు 10 రూపాయలు మిగిలాయనుకున్నా 8 లీటర్లకు 80 రూపాయలు, దారిలో కాల్చిన లీటరు ఖరీదు అంతకంటే ఎక్కువ. వేరే పని మీద వెళ్లినప్పుడు మాత్రం అక్కడే నింపుకుని రండి. బంకు మారినట్లు పుస్తకంలో రాసి, ఆ ట్యాంకును మీ సగటులో కలపకండి.