బోరు నీళ్లు ల్యాబ్‌కు పంపే ముందు

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడ చుట్టుపక్కల బోరు నీళ్లు వాడే మనవాళ్ల కోసం ఇది. అక్కడి భూగర్భజలంలో ఎలక్ట్రోప్లేటింగ్ (వస్తువులకు లోహపు పూత వేసే పని) వ్యర్థాల వల్ల క్రోమియం చేరిందన్నది పాత సంగతే.

• "వాటర్ టెస్ట్ చేయండి" అని ఊరుకోకండి. పీహెచ్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం చూసి పంపేస్తారు. క్రోమియం, సీసం, నికెల్ అని పేరుపేరునా రాయించండి. ఇంట్లో టీడీఎస్ మీటరు వీటిని పట్టదు, అమ్మేవాళ్లు ఏమన్నా సరే.

• ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను పరిశీలించి గుర్తించే జాతీయ బోర్డు) గుర్తింపు మీరడిగే పరీక్షకే ఉందా?

• సీసాలు ల్యాబ్ నుంచే తెచ్చుకోండి. కూల్‌డ్రింక్ సీసా ఎంత కడిగినా వద్దు. లోహాల పరీక్షకిచ్చే సీసాలో కాస్త నైట్రిక్ యాసిడ్ ముందే పోసి ఇవ్వచ్చు. దాన్ని తొలపకూడదు, పొంగేలా నింపకూడదు. గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. హెక్సావలెంట్ క్రోమియం (క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రూపం) విడిగా చూడాలంటే మాత్రం పద్ధతి వేరు: ఆ సీసాలో ఈ యాసిడ్ ఉండకూడదు, ఐసులో పెట్టి 24 గంటల్లోపు చేర్చాలి. కాబట్టి శనివారం సాయంత్రం పట్టకండి.

• సాల్వెంట్ల (ఫ్యాక్టరీల్లో వాడే, తేలిగ్గా ఆవిరయ్యే ద్రావకాలు) అనుమానముంటే గాజు సీసా, గాలిబుడగ లేకుండా నిండుగా.

• సంపులోంచి, ఆర్వో నుంచి కాదు, బోరు దగ్గరి కుళాయి నుంచే పట్టండి, పది నిమిషాలు నీళ్లు వదిలేశాక. పైపుల్లోని సీసం తెలియాలంటే తెల్లవారి వచ్చే మొదటి నీళ్లే కావాలి.

• తేదీ, టైము, బోరు లోతు సీసా మీదే రాయండి.

• రిపోర్టును తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500తో పోల్చండి: లీటరుకు క్రోమియం 0.05, సీసం 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. రిపోర్టు వచ్చేదాకా ఈ నీళ్లు కాచి తాగితే సరిపోదు, లోహాలు కాచినా పోవు.