మీ ఆఖరి యూనిట్ ఎంత పడుతోందో ముందు చూసుకోండి, తర్వాతే గ్యాసా కరెంటా అన్నది

మాది పాలకొల్లు దగ్గర పల్లె. ఇంట్లో ఐదుగురం, ఒక గేదె, నాలుగు ఫ్యాన్లు, ఒక ఏసీ. పోయినేడాది ఎండాకాలం కరెంటు బిల్లు చూసి మా ఆయన "ఇక వంటంతా గ్యాసు మీదే, ఇండక్షన్ పొయ్యి అటక మీద పెట్టేద్దాం" అన్నారు. మూడు నెలలు పోయాక గ్యాసు బండ నెలకి కాకుండా ఇరవై రెండు రోజులకే అయిపోతోందని, "మళ్ళీ ఇండక్షన్ దింపు" అన్నారు. ఇలా అటూ ఇటూ తిరిగితే డబ్బు మిగలదని అప్పుడు కూర్చుని లెక్క వేశాను. ఆ లెక్క చాలా ఇళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కరెంటు బిల్లు తీసి మీ యూనిట్లు ఎన్నో చూడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పెట్టిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. వీటి మీద సర్దుబాటు చార్జీలు వగైరా కలుస్తాయి, అవి బిల్లు మీదే ఉంటాయి. 240 యూనిట్లు కాల్చారనుకోండి, మొదటి 75 యూనిట్లకి 192 రూపాయలే పడింది, చివరి 15 యూనిట్లకే 131 పడింది. అంటే ఆ 15 యూనిట్లు తగ్గించుకోగలిగితే చాలు, ఇల్లంతా చీకటి చేసుకుని కూర్చోనక్కర్లేదు. బిల్లుని యూనిట్లతో భాగించి "సగటున ఐదు రూపాయలు పడుతోంది" అనుకుంటే పొరపాటు పడతారు. మీరు తగ్గించే యూనిట్ ఎప్పుడూ పై స్లాబులోదే, కొత్తగా కలిపేది కూడా అక్కడే పడుతుంది.

ఇప్పుడు గ్యాసు సంగతి. ఒక బండలో 14.2 కిలోల గ్యాసు, అందులో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుకి సమానం. కానీ మంచి పొయ్యి మీద కూడా అరవై, అరవై ఐదు శాతమే గిన్నెకి చేరుతుంది, మిగతాది పక్కలకి పోయి వంటింటినే కాలుస్తుంది. ఇండక్షన్ మీద ఎనభై ఐదు శాతం దాకా గిన్నెకి వెళ్తుంది. లెక్క కడితే ఒక బండ చేసే వంటకి ఇండక్షన్ మీద దాదాపు 125 యూనిట్లు కావాలి. కాబట్టి మీ బండ ధరని 125తో భాగించండి. 875 రూపాయలైతే 7 వస్తుంది. మీ ఆఖరి యూనిట్ ధర అంతకంటే తక్కువైతే ఇండక్షన్ లాభం, ఎక్కువైతే గ్యాసు లాభం. మాకు చలికాలంలో 150 యూనిట్లు దాటవు, అప్పుడు పాలు కాచడం, టీ, కుక్కరు ఇండక్షన్ మీద పెడతాం, అదీ 225 దాటకుండా చూసుకుంటూ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ వల్ల ఎలాగూ 225 దాటుతుంది కాబట్టి ఆ మూడు నెలలూ పూర్తిగా గ్యాసు మీదే. దీపం పథకంలో ఏడాదికి మూడు బండలు ఉచితంగా వచ్చేవాళ్ళకి ఈ లెక్క నాలుగో బండ నుంచి మొదలవుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇండక్షన్ పెడితే పొగ లేదు కాబట్టి పర్యావరణానికి మంచిదనుకుంటారు. మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుతోనే వస్తోంది, ఒక్కో యూనిట్‌కి సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 125 యూనిట్లంటే ఎనభై ఏడు కిలోలు. అదే బండెడు గ్యాసు కాలిస్తే నలభై రెండు, నలభై మూడు కిలోలు. అంటే డాబా మీద సోలారు లేకుండా ఇండక్షన్ వాడితే జేబుకి మంచిదవ్వచ్చు గానీ గాలికి కాదు. రెండిటికీ మంచిది కావాలంటే అసలు వేడి తక్కువ వాడాలి, అందుకే నేను పొయ్యి మార్చడం కంటే వంట తీరు మార్చడం మీదే ఎక్కువ మనసు పెట్టాను.

అందులో మాకు అన్నిటికంటే బాగా కలిసొచ్చింది ఎండుగడ్డి గంప. కోతల తర్వాత మన దగ్గర వరిగడ్డికి కరువు లేదు కదా. ఒక పెద్ద వెదురు గంప తీసుకుని అడుగున జానెడు మందాన బాగా ఎండిన గడ్డి పరిచి, చుట్టూ కూడా అంతే మందంగా కూరి, మధ్యలో మీరు రోజూ అన్నం వండే గిన్నె సరిగ్గా పట్టేంత గుంట వదలండి. పాత గోనెసంచిలో గడ్డి కుక్కి తలగడలా కుట్టుకుంటే అదే పైమూత. బియ్యం కడిగి అరగంట నానబెట్టి, ఎప్పుడూ పోసే ఎసరు కంటే కొంచెం తగ్గించి (ఆవిరి బయటికి పోదు కాబట్టి అన్ని నీళ్ళు అక్కర్లేదు) పొయ్యి మీద పెట్టండి. బాగా తెర్లాక ఐదు నిమిషాలు ఉంచి, బిగుతైన మూత పెట్టి దించేసి, పాత నూలుగుడ్డ చుట్టి గంపలో పెట్టి కప్పేయండి. ముప్పావుగంట, గంట తర్వాత తీస్తే అత్తెసరు పెట్టినట్టు పొడిపొడిగా ఉంటుంది, అడుగంటదు, దగ్గర నిలబడనక్కర్లేదు. కందిపప్పు అయితే రెండు గంటలు నానబెట్టి, పది నిమిషాలు ఉడకనిచ్చి, గంటన్నర ఉంచాలి. మా అత్తయ్యగారు మొదట్లో "అన్నం గడ్డిలో పెట్టడమేంటమ్మా" అన్నారు, ఇప్పుడు ఆవిడే నానబోసి తయారుగా ఉంచుతున్నారు.

గంప విషయంలో మూడు జాగ్రత్తలు. మధ్యలో మూత తీసి చూడకూడదు, వేడంతా ఒక్కసారే పోతుంది. కనీసం ముగ్గురు నలుగురికి సరిపడా వండితేనే ఇది పనిచేస్తుంది, గుప్పెడు బియ్యానికి వేడి నిలవదు. చేపలు, మాంసం ఇందులో వద్దు, పొయ్యి మీదే పూర్తిగా ఉడకాలి, అన్నమైనా తీసిన వెంటనే తినేయాలి. గంపని పొయ్యికి దూరంగా పెట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

మిగతా వంటింటి చిట్కాలు మీకు తెలిసినవే అయినా చేసేవాళ్ళు తక్కువ. కుక్కరు మొదటి కూత వేయగానే సిమ్‌లో పెట్టాలి, కూత కూతకీ పోయేదంతా మన గ్యాసే, లోపల వేడి అంతకంటే పెరగదు. మంట గిన్నె అంచు దాటి పైకి రాకూడదు. మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తోందా, గిన్నెల అడుగు నల్లబడుతోందా, బర్నరు మూసుకుపోయిందన్నమాట, విప్పి సబ్బునీళ్ళలో నానబెట్టి రంధ్రాలు పిన్నుతో శుభ్రం చేసి ఆరాక పెట్టండి. చేపల పులుసుకి మట్టిదాక వాడేవాళ్ళు దించడానికి కాస్త ముందే కట్టేయండి, దాకలో వేడికే అది ఇంకాసేపు కుతకుతలాడుతుంది.

బండ వచ్చినప్పుడు తూకం వేయించుకోండి, అది మన హక్కు. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది, దానికి 14.2 కలిపితే ఎంత రావాలో తెలుస్తుంది. పైన ఏ, బి, సి, డి అక్షరం పక్కన సంవత్సరం ఉంటుంది, అది బండని మళ్ళీ పరీక్షించాల్సిన గడువు, ఏ అంటే జనవరి నుంచి మార్చి దాకా. రబ్బరు పైపు ఐదేళ్ళకోసారి మార్చాలి, నెలకోసారి సబ్బునురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. 1995లో పాశర్లపూడి గ్యాసు బావిలో అరవై ఐదు రోజులు మండిన మంటని, 2014లో గ్యాసు పైపులైను పేలి కాలిపోయిన నగరం అనే ఊరిని చూసిన మన ప్రాంతానికి గ్యాసు ఏం చేయగలదో ఎవరూ చెప్పక్కర్లేదు. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీసి, రెగ్యులేటరు కట్టేసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

వేడినీళ్ళ దగ్గర మనం చాలా పారబోస్తాం. డిసెంబరు పొద్దున్నే డాబా మీద ట్యాంకు నీళ్ళు రాత్రంతా మంచుకి చల్లబడి ఉంటాయి, అదే సమయంలో బోరు నుంచి అప్పుడే వచ్చే నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, భూమిలో వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు కాబట్టి. బోరు పంపు నుంచి నేరుగా బకెట్ పట్టుకుంటే మాలో ముగ్గురికి అసలు కాచే పనే లేదు. పిల్లలకీ పెద్దవాళ్ళకీ కాచాల్సివస్తే పెరట్లో బాయిలరు ఉంది, కొబ్బరి డొక్కలు, చిప్పలు, ఎండిన మట్టలు వేస్తే ఖర్చు లేకుండా కాగుతాయి. ఇది ఆరుబయట మాత్రమే, వంటింట్లో ఆ పొగ పీల్చకూడదు. డొక్కలు పీచు మిల్లుకి అమ్ముకునేవాళ్ళు ఆ డబ్బు కూడా లెక్కలో వేసుకోవాలి. గీజరు ఉంటే స్నానానికి పది నిమిషాల ముందు వేసి, అయిపోగానే ఆపండి. సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పునీళ్ళ వల్ల కాయిల్‌కి పొర కట్టి కరెంటు ఎక్కువ లాగుతుంది, ఏడాదికోసారి విప్పించాలి.

ఇక కరెంటు. మా ఇంట్లో దొంగ ఎక్కడున్నాడో మీటరే చెప్పింది. రాత్రి అందరూ పడుకున్నాక అన్ని స్విచ్చులూ ఆపి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసి మీటరు మీద మెరిసే ఎర్రలైటు చూడండి. ఒక యూనిట్‌కి ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు మీదే రాసి ఉంటుంది, చాలా మీటర్లకి 3200. అన్నీ ఆపినా మెరుస్తోందంటే ఏదో లాగుతోంది, లేదా వైరింగులో లీకు ఉంది, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. మాకు మెరవలేదు, అయినా బిల్లు ఎక్కువే. తర్వాత రోజుకి మోటారు ఎన్నిసార్లు వేస్తున్నామో రాసి చూస్తే నాలుగుసార్లు. పైపు అడుగున నీళ్ళని ఆపే ఫుట్‌వాల్వ్ పాడై నీళ్ళు వెనక్కి దిగిపోతున్నాయి, పైగా ఒక ఫ్లష్ ట్యాంకు రాత్రంతా కారుతోంది. రెండూ బాగుచేయిస్తే మోటారు రోజుకి ఒకటిన్నర సారికి దిగింది. పంపు బాగుచేసిన మనిషి ఆరు నెలల క్రితమే వాల్వ్ మార్చానని డబ్బు తీసుకున్నాడు, మార్చలేదు, ఆ బాధ ఇంకా ఉంది. ఇలాంటి పని చేయించినప్పుడు పాత భాగం చేతికివ్వమని అడగండి.

మన దగ్గర ఉక్క వల్ల ఫ్యాన్లు ఏడాదిలో పది నెలలు తిరుగుతాయి, కాబట్టి డబ్బు పెట్టాలంటే ముందు వాటి మీదే పెట్టండి. పాత ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. రోజుకి పదిహేను గంటలు తిరిగే గదిలో నెలకి ఇరవై యూనిట్లు తగ్గుతాయి. 6 రూపాయల స్లాబులో అది 120 రూపాయలు, అంటే రెండు మూడేళ్ళలో ఫ్యాన్ ధర తిరిగొస్తుంది. అరుదుగా వాడే గదికి కొనకండి. ఏసీ 24కి తక్కువ పెట్టొద్దు, ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు తగ్గుతుందని ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థే చెబుతోంది. 27లో పెట్టి సన్నగా ఫ్యాన్ వేస్తే మన తేమకి కూడా బాగానే నిద్ర పడుతుంది. డాబాకి మార్చిలో సున్నం కొట్టించండి, పై గది సాయంత్రానికి అంత కాలకుండా ఉంటుంది. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి లాగితే సులువుగా వచ్చేస్తోందంటే రబ్బరు పోయింది, కొత్త ఫ్రిజ్ అక్కర్లేదు, రబ్బరు మార్చండి.

పశువులున్నవాళ్ళకి గోబర్ గ్యాస్ ఇంకా మంచి దారే. నాలుగైదు పశువుల పేడతో రోజుకి రెండు ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది, అది దాదాపు కిలో సిలిండరు గ్యాసుకి సమానం, చిన్న కుటుంబం వంటకి చాలు. ఒక్క గేదెతో మాకు కుదరలేదు.

సోలారు పెట్టే ఆలోచన ఉంటే పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకి 30,000, మూడు కిలోవాట్లకి మొత్తం 78,000 సబ్సిడీ ఉంది. ఒక కిలోవాటుకి వంద చదరపు అడుగుల చోటు కావాలి, రోజుకి సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. నెలకి 225 దాటనివాళ్ళు తొందరపడక్కర్లేదు, దాటేవాళ్ళకి ఖర్చు త్వరగా తిరిగొస్తుంది, ఇండక్షన్ మీద వంట కూడా అప్పుడే నిజంగా శుభ్రమవుతుంది. మన గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి గాల్వనైజ్ చేసిన స్టాండే అడగండి, 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లని ఎలా పడేసిందో గుర్తుపెట్టుకుని బోల్టులు శ్లాబులోకి గట్టిగా దింపించండి. అసలు చిక్కు కొబ్బరి నీడ. ప్యానెల్ మీద ఒక్క మట్ట నీడ పడినా ఆ వరుసలో కరెంటు బాగా పడిపోతుంది. ఎండాకాలంలో చూసి డాబా అంతా ఎండే కదా అనుకోవద్దు, ధనుర్మాసంలో సూర్యుడు దక్షిణానికి వంగి ఉన్నప్పుడు పొద్దున తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి డాబా ఎక్కి నీడ ఎక్కడిదాకా వస్తోందో సుద్దతో గీత గీసుకోండి. ఆ గీతలకి అవతలే ప్యానెల్స్ పెట్టించండి. చోటు చాలకపోతే రెండు కిలోవాట్లతో సరిపెట్టుకోండి గానీ కాపు కాసే చెట్టు కొట్టించకండి. మేం డాబా మీద ఒక కిలోవాటు, పశువుల పాక రేకుల మీద ఒక కిలోవాటు పెట్టించాలని గీతలు గీసి ఉంచాం.