ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలోకి కొత్త రౌటర్ – 4వ పాఠం: ఫ్లాష్‌లో ఏది ఎక్కడుంది

రౌటర్‌లో కంపెనీ ఫర్మ్‌వేర్ బదులు వేసుకునే లైనక్స్ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ. దాన్ని కొత్త మోడల్ మీద నడిపించడమే ఈ పాఠాల పని. పోయిన పాఠంలో సీరియల్ కన్సోల్ (రౌటర్‌తో వైరు మీద మాట్లాడే దారి) తగిలించి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఇమేజ్‌ని, అంటే ర్యామ్‌లోంచే నడిచే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీని, టీఎఫ్‌టీపీతో నెట్‌వర్క్ మీదుగా ర్యామ్‌లోకి ఎక్కించాం. ప్రాంప్ట్ కనబడగానే ఫ్లాష్ (కరెంటు పోయినా చెరగని మెమరీ చిప్) మీద రాసేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. ఇప్పటిదాకా ఫ్లాష్‌లో ఒక్క బైటు మారలేదు. కరెంటు తీసి మళ్లీ పెడితే పాత ఫర్మ్‌వేరే లేస్తుంది.

ముందు బ్యాకప్. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే ఫైల్) ఇంకా పార్టిషన్లు రాయలేదు కాబట్టి చిప్ మొత్తం ఎంటీడీ0 అనే ఒకే ముక్కగా కనిపిస్తుంది. దాన్ని టెంప్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఎస్‌సీపీ అనే కాపీ కమాండ్‌తో కంప్యూటర్‌లోకి లాగండి. రెండుసార్లు తీసి, రెండు ఫైళ్ల ఎండీ5 చెక్‌సమ్ ఒకటేనా చూసుకోండి. తేడా వస్తే ఆ బ్యాకప్‌ని నమ్మొద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఏథెరోస్ చిప్‌లున్న రౌటర్లలో ఆర్ట్ అని ఒక చిన్న పార్టిషన్ ఉంటుంది. రేడియో కాలిబ్రేషన్ డేటా అందులోనే. ఫ్యాక్టరీలో ఒక్కో పెట్టెకీ విడిగా కొలిచి రాస్తారు. రౌటర్‌ని లేపే బూట్‌లోడర్ యు-బూట్ పోతే ప్రోగ్రామర్ క్లిప్‌తో మళ్లీ ఎక్కించుకోవచ్చు, ఆర్ట్ పోతే తెచ్చుకునే చోటే లేదు. నేనొకసారి బ్యాకప్ లేకుండానే దాన్ని చెరిపేసుకున్నాను. అదే మోడల్ ఇంకో పెట్టెలోంచి తెచ్చి అతికిస్తే వైఫై లేచింది గానీ సిగ్నల్ పక్క గది దాటలేదు. పైగా ఆ మోడల్‌లో మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికీ విడిగా ఉండాల్సిన గుర్తింపు అంకెలు) కూడా అక్కడే ఉండేవి. రెండు పెట్టెలూ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టాక కనెక్షన్ ఉండుండి ఎందుకు తెగిపోతోందో తేలడానికి ఒక పూట పట్టింది.

ఇక పార్టిషన్లు. పాత ఫర్మ్‌వేర్ బూట్ లాగ్‌లోనే వాటి జాబితా అచ్చవుతుంది. 8 ఎంబీ ఫ్లాష్‌లో తరచూ కనిపించే అమరిక ఇది: మొదట్లో యు-బూట్ 128 కేబీ, చిట్టచివర ఆర్ట్ 64 కేబీ. 8192లోంచి ఈ రెండూ తీసేస్తే ఫర్మ్‌వేర్‌కి 8000 కేబీ మిగులుతుంది. ఇమేజ్ రెసిపీలో (ఇమేజ్‌ని ఎలా తయారుచేయాలో బిల్డ్‌కి చెప్పే వరసలు) ఇమేజ్ సైజ్ దగ్గర కూడా సరిగ్గా ఇదే అంకె వేయండి. ఎక్కువ వేస్తే బిల్డ్ నోరు మూసుకుని పాసవుతుంది, దెబ్బ తర్వాత తగులుతుంది. యు-బూట్‌కీ ఆర్ట్‌కీ రీడ్-ఓన్లీ పెట్టడం మరవకండి.

మ్యాక్ అడ్రస్ ఎక్కడుందో ఊహించొద్దు, వెతకండి. పెట్టె అడుగున స్టిక్కర్ మీదున్న అంకెల్ని బ్యాకప్ ఫైల్ హెక్స్‌డంప్‌లో (బైట్లన్నీ హెక్సా అంకెల్లో చూపించేది) పట్టుకోండి. టీపీ-లింక్ పాత మోడళ్లు చాలావాటిలో అది ఆర్ట్‌లో కాదు, యు-బూట్ పార్టిషన్ చివరి 1 కేబీ మొదలయ్యే చోట దొరుకుతుంది! లాన్, వాన్, రెండు రేడియోలు పాత ఫర్మ్‌వేర్‌లో ఏయే అడ్రస్‌లు వాడుతున్నాయో రాసిపెట్టుకోండి. సాధారణంగా అసలు అంకె ఒకటే, మిగతావి దానికి ఒకటి కలిపినవో తీసేసినవో. ‘ఆ మోడల్‌లాంటిదే కదా’ అని పక్క ఫైల్లోంచి కాపీ కొట్టడం ఈ పనిలో అందరం చేసే తప్పు.

దొరికిన చోటుని డివైస్ ట్రీలో ఎన్‌వీమెమ్ సెల్‌గా, అంటే ఫ్లాష్‌లో ఫలానా చోట ఈ విలువ ఉందని కెర్నల్‌కి చెప్పే పద్ధతిలో, రాయాలి. పాత ఉదాహరణలు చూసి రాసేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఒకప్పుడు ఎంటీడీ-మ్యాక్-అడ్రస్ అని ఒక్క లైను చాలేది. తర్వాత అది పోయి ఎన్‌వీమెమ్ వచ్చింది. ఒకటి కలపడానికి వాడే ఇంక్రిమెంట్ లైను కూడా పోయి, ఇప్పుడు మ్యాక్-బేస్ రాస్తున్నాం. 23.05 విడుదలలో కెర్నల్ 5.15, 24.10లో 6.6. కెర్నల్ మారినప్పుడల్లా ఇలాంటివి కొన్ని కదులుతాయి. మీ రౌటర్‌ని బయటపెట్టి టెస్ట్ చేయాల్సింది అప్పుడే. అందుకే సీరియల్ పిన్నులకు వేసిన టంకం పీకేయొద్దు, పెట్టె మూతకి చిన్న కన్నం పెట్టి వైర్లు బయటికి తీసి ఉంచండి.

అభ్యాసం: ఇదే అమరిక 16 ఎంబీ ఫ్లాష్ మీద ఉంటే ఇమేజ్ సైజ్ ఎంత? ఆర్ట్ ఎక్కడ మొదలవుతుంది? రెండో జవాబు హెక్సాలో రాయండి. వచ్చే పాఠం ఎల్ఈడీలు, రీసెట్ బటన్ దగ్గర మొదలుపెడదాం.